మంట తెలియని కాళ్లు

నా కాళ్లను మెచ్చుకున్నవాళ్ల మీద నాకు కోపం. తిట్టినవాళ్ల మీద లేదు. వాళ్లను ఎప్పుడో వదిలేశాను. మెచ్చుకున్నవాళ్లు మాత్రం ఒక్కొక్కరూ గుర్తున్నారు. ఎవరు ఏ మాట అన్నారో, ఆ పూట కల్లంలో ఎండ ఎటునుంచి పడుతోందో, నా ఒంటి మీద ఏ చీర ఉందో అన్నీ గుర్తే. నేను చదివింది అయిదో తరగతి. కాగితం మీద పెట్టుకోవడం అలవాటు లేని మనిషికి మర్చిపోవడం కూడా అలవాటు ఉండదు.

మాది నరసరావుపేట వైపు పల్లె. నల్లరేగడి నేల. మిరపా పత్తీ తప్ప వేరే మాట లేదు. మా ఆయనా మా బావగారూ పొలాలు పంచుకున్నారు గానీ కల్లం పంచుకోలేదు. ఇద్దరి కాయా ఒకచోటే ఎండుతుంది. కల్లానికి పెద్ద మా బావగారు. ఆయన మాట మీద మా ఆయన మాట్లాడటం నా కాపురంలో నేను చూడలేదు.

కోసి తెచ్చిన మిరపకాయను పట్టాల మీద పరిచాక రోజుకు రెండు మూడు సార్లు తిరగేయాలి. లేకపోతే అడుగు కాయ మగ్గిపోయి మచ్చలు పడుతుంది. మా ఇంట్లో కాళ్లతోనే తిరగేస్తాం. ఒక కొసన నిలబడి, పాదం పైకి ఎత్తకుండా, కాయలోంచి ఈడ్చుకుంటూ అవతలి కొసకు నడవాలి. వెనకాల నాగలి చాలు పడ్డట్టు చాలు పడుతుంది. అడుగుది పైకి వస్తుంది. తిరిగి వచ్చేటప్పుడు దాని పక్కన ఇంకో చాలు. అట్లా కల్లం మొత్తం.

చెప్పులు మాత్రం కల్లం అంచునే విడవాలి. పంట లక్ష్మి, చెప్పుకాలితో తొక్కకూడదు. మా మామగారు చెప్పారు, ఆయన పోయాక మా బావగారు చెప్పారు. ఇంకో కారణం కూడా ఉంది, దాన్ని నేను కాదనను. ఉత్త కాలికి కాయ సంగతి తెలుస్తుంది. పచ్చిది పాదం కింద చల్లగా జారుతుంది. సగం ఎండింది తోలు ముక్కలాగా వంగుతుంది. బాగా ఎండింది గలగలమంటూ అరికాలిని గీరుతుంది. బస్తాలకెత్తొచ్చా, ఇంకో ఎండ పడాలా అన్నది మా ఇంట్లో నన్ను అడిగేవాళ్లు. "అమ్మాయ్, నీ కాలేమంటోంది?" అని మా అత్తగారు అడిగేది. ఆవిడ తర్వాత మా బావగారు కూడా అదే అడిగేవారు. ఇంటి కోడలిని ఇంకే విషయంలోనూ సలహా అడగని మనిషి ఆ ఒక్కటీ అడిగేవారు. అది నాకు ఎంత గొప్పో మీకు చెప్పలేను.

కొత్తలో మంట భరించలేకపోయేదాన్ని. మడమల పగుళ్లలోకి కారం దిగితే సాయంత్రం మజ్జిగ గిన్నెలో కాళ్లు పెట్టుకుని కూర్చునేదాన్ని. "నాలుగేళ్లు పోతే కాళ్లే అలవాటు పడతాయి" అని మా అత్తగారు అనేది. కొంత అలవాటు పడ్డాయి కూడా. ఎంత అలవాటైనా కాస్త మంట ఉండేది. ఆ కాస్త ఉండాలని నాకెవరూ చెప్పలేదు.

ఏడెనిమిదేళ్ల కింద మా ఊళ్లో బడి దగ్గర క్యాంపు పెట్టి వేలికి సూది పొడిచి చూశారు. షుగర్ ఉందన్నారు. మాత్రలు ఇచ్చారు. వేసుకున్నాను. మానేశాను. కోత రోజుల్లో గుర్తుండేది కాదు, గుర్తున్నా ఒంట్లో ఏ బాధా లేనప్పుడు మాత్రెందుకని ఊరుకునేదాన్ని. ఇది నా తప్పే. నేను తిట్టబోయే వాళ్లలో నేను లేనని అనుకోవద్దు.

ముందు వేళ్ల కొసలకు చీమలు పాకినట్టుండేది. తర్వాత కొన్నాళ్లు దుప్పటి తగిలినా అరికాళ్లు మండేవి. కల్లం కారం అనుకుని కొబ్బరినూనె రాసుకున్నాను. మంట పోయింది. నూనె పని చేసిందని సంతోషపడ్డాను. కారం మంట పోయింది, ఎండ మంట పోయింది, గట్టు మీద పల్లేరుకాయ గుచ్చుకోవడం కూడా పోయింది.

ఆ ఏడు మార్చిలో మిట్టమధ్యాహ్నం పట్టా కాలిపోతోంది. తాలు ఏరడానికి, అంటే రంగు పోయిన కాయను వేరు చేయడానికి వచ్చిన ఆడవాళ్లు ఒక్కో కాలూ ఎత్తి గెంతుతున్నారు. నేను నడిమధ్యన నిలబడి ఉన్నాను.

మా బావగారు వేపచెట్టు కింద నుంచి కేకేశారు. "చూడండే, చూసి నేర్చుకోండి! మనిషంటే అట్టా ఉండాలి. మీరేందే కప్పల మాదిరి గెంతుతున్నారు!"

"ఆవిడవి కాళ్లు కాదులే పెద్దయ్యా, ఇనప కమ్మీలు" అంది ఒకావిడ.

మా ఆయన నవ్వాడు. ఆ సాయంత్రం టీకొట్టు దగ్గర కూడా చెప్పుకున్నాడట, మా ఆవిడ కాళ్లకి మంటే తెలీదని. నేను ఆకుపచ్చ నేత చీరలో ఉన్నాను. పని లేకపోయినా ఇంకాసేపు అక్కడే నిలబడ్డాను. అందరూ చూడాలని.

తాలు ఏరేవాళ్లలో మా వీధి చివర ముస్లింల ఇంటావిడ ఒకామె ఉంది. నన్ను అక్కా అంటుంది, నేను చెల్లెమ్మా అంటాను. ముప్ఫై ఏళ్లుగా ఒకే కుప్ప దగ్గర ఎదురెదురుగా కూర్చున్నవాళ్లం. ఆమెకు నోరెక్కువ, చూపు అంతకన్నా ఎక్కువ. ఒకనాడు పొలం నుంచి వస్తుంటే వెనకనుంచి అంది.

"అక్కా, ఎడమ చెప్పు ఎవరికి దానమిచ్చావ్?"

చూసుకుంటే ఒక కాలికే చెప్పుంది. రెండోది ఎక్కడ ఊడిందో నాకు తెలియదు. వెనక్కి వెళ్లి చూస్తే మూడు చేలు అవతల, కాలవ గట్టు బురదలో ఉంది. అంత దూరం ఉత్త కాలితో నడిచాను. అందరూ నవ్వారు, నేనూ నవ్వాను.

మరో వారానికి మళ్లీ పట్టుకుంది. "ఏందక్కా, పెళ్లికూతురి మాదిరి తల వంచుకుని నేల చూపులు చూస్తా నడుస్తున్నావ్? మళ్లీ ఎవరన్నా చూసుకోడానికి వస్తున్నారా?"

"వస్తున్నారు, నీ మొగుణ్ణి కూడా పంపు" అన్నాను.

"తీసుకుపో తల్లీ, పుణ్యముంటది. గురకొకటే ఇబ్బంది" అంది. నవ్వి మళ్లీ నా కాళ్ల వంకే చూసింది. "కాదక్కా, నిజంగా. నువ్వు కాళ్లు చూసుకోకుండా అడుగెయ్యట్లా. ఎప్పట్నుంచి?"

నాకు తెలియదని చెప్పాను. అది నిజం. ఎప్పట్నుంచో నాకే తెలియదు. తల ఎత్తితే ఊగినట్టుంటుంది, అందుకని దించుకుంటున్నాను, అంతే. కాలు నేలకు తాకిందని కాలు చెప్పడం మానేసింది గనుక కంటితో చూసుకుంటున్నానని అప్పుడు అర్థం కాలేదు.

అప్పటికే రెండుసార్లు పడ్డాను. ఒకసారి పెరట్లో పంపు దగ్గర, మొహానికి సబ్బు రాసుకుని కళ్లు మూసుకున్నప్పుడు ఎవరో పక్కకు తోసినట్టయి గోడకు కొట్టుకున్నాను. ఒకసారి కల్లంలో ఘాటు లేచి తుమ్ము మీద తుమ్ము వస్తే, మూసిన కళ్లు తెరిచేలోపు కాయ కుప్ప మీద బోర్లా ఉన్నాను. కుప్ప మీద పడటాన్ని ఎవరు పడటమంటారు? "లక్ష్మికి సాష్టాంగం పెట్టింది" అని నవ్వుకున్నారు.

ఊళ్లో ఆర్‌ఎంపీ దగ్గరకు వెళ్లాను. తూలుతున్నానన్నాను. నీరసమన్నాడు, బలానికి అయిదు ఇంజెక్షన్లు పొడిచాడు. తగ్గలేదంటే చెవిలో తేడా ఉందని మాత్రలిచ్చాడు. అవి వేసుకుంటే నిద్ర తప్ప ఏమీ రాలేదు. మూడోసారి వెళితే, "యాభై దాటాయి కదమ్మా, ఇంకేం కావాలి?" అన్నాడు. నాకు ఏం కావాలి? నిటారుగా నిలబడటం కావాలి. పేటలో ఇంకో డాక్టరుకు చూపిస్తే మెడ ఫొటో తీయించాడు. ఇద్దరి దగ్గరా నేను కుర్చీలో కూర్చున్నాను. నా కాళ్లు బల్ల కింద ఉన్నాయి. నాలుక చూశారు, కళ్లు చూశారు, మెడ అటూ ఇటూ తిప్పారు. బల్ల కిందకు ఒక్కరూ వంగలేదు.

ఆ తర్వాతి ఏడు నేను చేసిన పని చెప్పుకోవడానికి ఇప్పటికీ సిగ్గే. పొద్దున్నే కల్లంలోకి దిగాను. మా బావగారు అంచున నిలబడి అడిగారు.

"ఏమ్మా, ఎత్తొచ్చా?"

పాదం ఈడ్చాను. ఏమీ లేదు. చల్లదనం లేదు, గీరడం లేదు. పత్తి తీతలప్పుడు బోరెంలోకి దిగి పత్తిని తొక్కుతాం, మనిషెత్తు సంచీలో. అప్పుడు కాలు ఎక్కడ ఆనుతుందో తెలియక మెత్తమెత్తగా దిగిపోతుంటుంది. కల్లంలో మిరపకాయ మీద నిలబడితే అట్లా ఉంది. నా కాలికి తెలియడం లేదండీ అని ఒక్క మాట అంటే అయిపోయేది. ఆ మాటంటే ఆ ఇంట్లో ఆ ప్రశ్న నన్ను ఇంకెవరూ అడగరు. అందుకని అబద్ధమాడాను.

"ఎత్తొచ్చండి" అన్నాను.

ఎత్తారు. నాలుగో రోజు ఒక బస్తా కుట్టు విప్పితే లోపల కాయ చెమట పట్టి ముక్కవాసన కొట్టింది. అన్ని బస్తాలూ విప్పి మళ్లీ పట్టాల మీద పోశారు. సగం రంగు మారింది.

"నీ కాలికి ఏం రోగం పుట్టింది?" అన్నారు మా బావగారు అందరి ముందూ. "ఇన్నేళ్లు ఎండా పచ్చా తెలిసిన దానివి. మనసు పని మీద పెట్టాలి గదా!"

రోగం పుట్టిందని ఆ కల్లంలో మొదట అన్నది ఆయనే. తిట్టుగా అన్నారు. ఒక్కరు, ఒక్కరంటే ఒక్కరు, దాన్ని ప్రశ్నగా అడిగి ఉంటే! మా ఆయన తల దించుకుని పట్టా సర్దుతున్నాడు. చెల్లెమ్మ మాత్రం నా చేయి పట్టుకుని కుప్ప దగ్గర కూర్చోబెట్టింది.

కిందటి ఏడు కోతల్లో అసలు సంగతి బయటపడింది. ఆ రోజు పొద్దున బస్తాలు కుట్టారు. కుట్టేటప్పుడు ఒక దబ్బనం విరిగింది. విరిగిన ముక్క దొరకలేదు, ఎవరూ వెతకలేదు. అందరూ తింటానికి లేచాక నేను చాళ్లు వేయడం మొదలుపెట్టాను. ఆ కొస నుంచి ఈ కొసకు, ఈ కొస నుంచి ఆ కొసకు. ఎన్ని చాళ్లు వేశానో కూడా చెప్పగలను. పదమూడు. పద్నాలుగోది వేయబోతుంటే, తిని వస్తున్న చెల్లెమ్మ అరిచింది.

"అక్కా ఆగు! కదలొద్దు!"

పాము అనుకున్నాను. చెల్లెమ్మ పరిగెత్తుకొచ్చి వంగి, నా వెనక కాయ పక్కకు తోసింది. కింద నీలం పట్టా మీద తడి మరకలున్నాయి. కాయ ఎరుపులో నెత్తురు ఎరుపు ఎవరికి కనపడుతుంది? పట్టా నీలం కాబట్టి కనపడింది. నన్ను కూర్చోబెట్టి కాలు ఎత్తింది. బొటనవేలి కింద ఇనప ముక్క సగానికి పైగా దిగి ఉంది. దాని చుట్టూ చీలిక. చీలిక నిండా మిరప పొడి, గింజలు.

"మండట్లేదా?" అంది.

పచ్చి గాయంలో గుంటూరు కారం. మండట్లేదు. ఏమీ లేదు. నేను చెల్లెమ్మ మొహం చూశాను, నా కాలు చూశాను. అది ఎవరిదో కాలు నా మోకాలికి తగిలించినట్టుంది. నాకు భయమంటే ఏమిటో అప్పుడు తెలిసింది. నా కాపురంలో అంత గట్టిగా ఏడవలేదు. నొప్పికి కాదు, నొప్పి లేనందుకు.

మా బావగారు వచ్చి పట్టా మీద నెత్తురు చూశారు. "చూసి నడవాలి గదమ్మా" అన్నారు. నడిచాను బావగారూ, చూసే నడిచాను, చూడటం తప్ప ఇంకేం మిగిలింది నాకు? కాయ కింద ఉన్నదాన్ని కన్నెట్లా చూస్తుంది? ఇవన్నీ లోపల అనుకున్నాను. బయటికి ఒక్కటీ రాలేదు.

మర్నాడు మా ఆయనా చెల్లెమ్మా నన్ను గుంటూరు తీసుకెళ్లారు. నల్లపాడు దాటేసరికి బస్సు కిటికీలోంచి మిర్చి యార్డు ఘాటు కొట్టి జనమంతా తుమ్మారు. నేను కళ్లు మూయకుండా రాడ్ పట్టుకుని తుమ్మాను. మనిషి శరీరానికి ఎన్ని తెలివితేటలొస్తాయో చూడండి.

డాక్టరమ్మ చిన్నపిల్ల, మా అమ్మాయి వయసుంటుంది. నేను కూర్చోకముందే అంది.

"చెప్పులు విప్పండి."

"ఇక్కడ కూడా లక్ష్మి ఉందా అమ్మా?" అన్నాను. నా కోపం ఆ పిల్ల మీద కాదు, కానీ ఎదురుగా ఉంది ఆమె. పాపం అర్థంగాక నవ్వింది. గాయం కడిగింది, కట్టు కట్టింది. తర్వాత నన్ను పడుకోబెట్టి కళ్లు మూసుకోమంది. చేతిలో సన్నటి ప్లాస్టిక్ దారం ముక్క ఉంది.

"దీంతో పాదాన్ని తాకుతాను. తెలిసినప్పుడల్లా ఆఁ అనండి."

కళ్లు మూసుకుని ఎదురుచూస్తున్నాను. ఆవిడ ఏదో రాసుకుంటోందేమో అనుకున్నాను. ఆఖరికి నేనే అన్నాను. "మొదలుపెట్టండమ్మా, నేను సిద్ధమే."

"అయిపోయిందండీ" అంది. "రెండు పాదాలకీ పెట్టాను."

 చెల్లెమ్మ కొంగు నోట్లో కుక్కుకుంది.

ఇనప చువ్వలాంటిదొకటి మోగించి మణికట్టు మీద పెట్టింది, జుమ్మంది. కాలి వేలి మీద పెట్టింది, లేదు. చీలమండ మీద, లేదు. మోకాలి దగ్గరకొచ్చాక జుమ్మంది. తర్వాత నిలబడమంది. పాదాలు దగ్గరగా పెట్టి, తను రెండు చేతులూ నా పక్కన చాచి, "ఇప్పుడు కళ్లు మూయండి" అంది. మూశాను. అంతే, నేల తిరిగిపోయింది. తను పట్టుకోకపోతే పడేదాన్నే.

"ఎన్నిసార్లు పడ్డారు?"

అడిగింది కదా, చెప్పాను. పంపు దగ్గర, సబ్బుతో. కల్లంలో తుమ్ముతో. చైత్రమాసంలో గుడి దగ్గర హారతికి కళ్లు మూసుకుని ముందావిడ మీద. పండుగ రోజు నైటీ తల మీదుగా తీస్తుంటే మంచం మీద. కరెంటు పోయినప్పుడు వంటింటి గడప దగ్గర. డాక్టరమ్మ రాసేది ఆపింది.

"అన్నిసార్లూ మీకు కళ్లు కనపడనప్పుడే. గమనించారా?"

అన్నీ గుర్తుపెట్టుకున్నాను. ఒక్కదాన్ని ఇంకోదాని పక్కన పెట్టి చూసుకోలేదు. అంత జ్ఞాపకముండీ ఏం లాభం?

ఆవిడ నాకు అర్థమయ్యేట్టే చెప్పింది. మనిషి నిలబడటానికి కళ్లూ, చెవి లోపల ఉండే ఒక భాగమూ, పాదాల నుంచి పోయే కబురూ మూడూ కావాలంది. షుగర్ చాలా ఏళ్లు అదుపులో లేక పాదాల నరాలు దెబ్బతిన్నాయంది. నేల ఎక్కడుంది, బరువు ఎటు ఒరిగింది అన్న కబురు పైకి చేరట్లేదు కాబట్టి ఇన్నాళ్లూ ఆ పని కూడా కళ్లే చేస్తున్నాయట. అవి మూసుకుంటే పట్టు లేదు. విటమిన్ తక్కువైనా ఇట్లా అవుతుందని రక్తం కూడా తీయించింది.

"తగ్గుద్దా అమ్మా?" అన్నాడు మా ఆయన.

"పోయిన స్పర్శ మొత్తం తిరిగి వస్తుందని చెప్పలేను. ఇంకా పోకుండా చూసుకోవచ్చు. పడకుండా నడవడం నేర్పించొచ్చు. కానీ ఒక్కటి. ఈవిడ ఇంక ఎక్కడా, ఇంట్లో కూడా, చెప్పుల్లేకుండా అడుగు పెట్టకూడదు. గాయమైతే తెలియదు. తెలియని గాయం ముదిరితే కాలు తీయాల్సిన దాకా వస్తుంది." ఆగి మళ్లీ అడిగింది. "ఇంట్లో ఎవరూ గమనించలేదా?"

మా ఆయన గోడ వంక చూశాడు.

"నేను గమనించానమ్మా" అంది చెల్లెమ్మ. "చెప్పడం రాలా. నవ్వులాట చేశా."

అందరిలోకీ తప్పు లేనిది అదొక్కతే, ఒప్పుకున్నదీ అదొక్కతే.

బస్సులో మా ఆయన అన్నాడు. "నీకు మంట తెలీదని నేను నలుగురికీ గొప్పగా చెప్పుకున్నానే."

"నేనూ చెప్పుకున్నాలే" అన్నాను. ఊరుకోవాల్సింది, ఊరుకోలేకపోయాను. "నన్ను చెప్పులు విప్పమన్నవాళ్లు ముప్ఫై ఏళ్లుగా విప్పమన్నారు. ఆ పాదం వంక చూడటానికి మాత్రం ఒక్కళ్లు విప్పమనలా. మీరు కూడా."

 దిగేటప్పుడు నా మోచేయి పట్టుకున్నాడు. విదిలించాను. ఒరిగాను. మళ్లీ పట్టుకున్నాడు. అప్పుడు ఊరుకున్నాను, పడతాను కాబట్టి. కోపంలో కూడా ఒకరి చెయ్యి పట్టుకుని దిగాల్సి రావడం, అది ఇంకో కోపం.

గాయం మానడానికి రెండు నెలలు పట్టింది. వెనక పట్టీ ఉన్న వెడల్పు బూట్లు కొన్నాం. మాత్రలు పూట తప్పకుండా వేసుకుంటున్నాను. పొద్దున్నే వంటింటి గట్టు పట్టుకుని మడమలెత్తి దించుతాను, ఒక పాదం ముందు ఒకటి పెట్టి నిలబడతాను. మొదట్లో మా ఆయన వెనక నిలబడేవాడు. స్నానానికి ప్లాస్టిక్ కుర్చీ వేశాడు. రోజూ సాయంత్రం అద్దం నేల మీద పెట్టి అరికాళ్లు చూసుకుంటాను. పెళ్లప్పుడు కూడా మొహాన్ని అద్దంలో అంత శ్రద్ధగా చూసుకోలేదు.

ఈ ఏడు మళ్లీ కాయ వచ్చింది. మొదటి కోత పరిచిన రెండో రోజు నేను బూట్లేసుకుని, చేతిలో కాయ తిప్పే పొడుగాటి చెక్క గొర్రు పట్టుకుని కల్లం అంచుకు వెళ్లాను. మా బావగారు నా కాళ్ల వంక చూశారు. ఇన్నేళ్లలో మొదటిసారి చూశారు.

"అవి ఇక్కడ విడువమ్మా."

"విడవకూడదన్నారండి డాక్టరమ్మ."

"అయితే ఇంట్లో కూర్చో. నిన్ను పని చెయ్యమని ఎవరన్నారు? కాయ ఏరేవాళ్లున్నారు, తిప్పేవాళ్లున్నారు. చెప్పుకాలితో మాత్రం కల్లంలోకి వద్దు. నాన్న నాటి నుంచి లేదు."

ఇంట్లో కూర్చోవడం. మంచిగానే అన్నారు, మెత్తగానే అన్నారు. కానీ ఆ మెత్తదనం నాకు తెలుసు. ఇవాళ కల్లం వద్దంటారు, రేపు పొలం వద్దంటారు, ఎల్లుండి మంచం చూపిస్తారు. నడవడం మానేసిన కాలు మళ్లీ నడవదని డాక్టరమ్మ చెప్పింది. ఆ అంచు దగ్గర ఆగిపోతే నేను అక్కడితో అయిపోయినట్టే.

"నేను వస్తానండి" అన్నాను.

"నువ్వొస్తే నేను రాను."

"రాకండి."

ఆ మాట నా నోట్లోంచే వచ్చింది. తాలు ఏరే ఆడవాళ్ల చేతులన్నీ ఆగిపోయాయి. మా బావగారు నన్ను వదిలేసి తమ్ముడి వైపు తిరిగారు. "ఏరా, వింటున్నావా?"

"వింటన్నా అన్నయ్యా" అన్నాడు మా ఆయన.  "ఆమె కాలు పోతే నువ్వు తెచ్చిస్తావా? నేను తేలేను. రానీ."

అప్పుడు నాకు సంతోషం వేసిందని మీరనుకుంటారు. వేయలేదు. ఈ మాట ఈ మనిషి దగ్గర ఇన్నేళ్లుగా ఉందన్నమాట, నా నెత్తురు కళ్లచూశాక గానీ బయటికి రాలేదన్నమాట అని ఒళ్లు మండింది. అయినా నిలబడి పోట్లాడే టైము కాదు. గొర్రు ఆనించి కాయలోకి అడుగేశాను.

"కాయ నలుగుతోంది!" అని అరిచారు మా బావగారు అంచు నుంచి.

నలిగింది. బూటు కింద రెండు మూడు పటపటమన్నాయి. నేను ఆగి వెనక్కి తిరిగాను. తిరగడం జాగ్రత్తగా తిరగాలి నేను, గొర్రు ముందు, కాలు తర్వాత.

"కాయ నలిగితే కారం అవుద్ది బావగారూ. కాలు నలిగితే ఏమవుద్ది?"

 కండువా దులుపుకుని వేపచెట్టు వైపు పోయారు. ఇంటికి మాత్రం పోలేదు, అక్కడే కూర్చున్నారు. కాసేపటికి తాలు ఏరే ఆడవాళ్లలో ఒకావిడతో గట్టిగా అన్నారు, "ఉత్తరం వైపు కాయ పచ్చిగా ఉంది, తిప్పమని చెప్పండి" అని. ఎవరికి చెప్పమంటున్నారో అందరికీ తెలుసు. నాతో మాట మాత్రం ఇవాళ్టికీ లేదు.

ఉత్తరం వైపు ఒక కాయ తీసుకుని చెవి దగ్గర ఊపాను. గింజ గలగలమనలేదు. నిజంగానే పచ్చి. గొర్రుతో తిప్పడం మొదలుపెట్టాను. అలవాటు లేని పని, భుజాలు లాగాయి. మధ్యాహ్నం లోపు ఆ వైపు మొత్తం అయింది. పడలేదు. రెండుసార్లు గట్టిగా తూలాను, చెల్లెమ్మ లేవబోతే కూర్చోమన్నాను. రెండుసార్లూ మా బావగారు చూస్తూనే ఉన్నారు. చూడనీ.